గాయము మానిన పిదప: దూరమునుండి అందు పునరావాస చికిత్స

అగ్ని లేని ఇల్లు లేదు. వంటయింటి పొయ్యి మొదలుకొని దేవుని ముందటి దీపము వరకు మన దినచర్య యంతయు అగ్నితో ముడివడి యున్నది. ఇట్లు నిత్యము ఉపకరించు అగ్నియే మనము ఒక్క నిమిషము ఏమరినచో అపకారి యగును. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము కాలిన గాయముల వలన లోకమున ఏటేట సుమారు 1,80,000 మంది మరణించుచున్నారు. ఒక్క భారతదేశమునందే సంవత్సరమునకు 10 లక్షలకు పైగా జనులు ఒక మోస్తరుగనో తీవ్రముగనో కాలిన గాయములకు లోనగుచున్నారని ఆ సంస్థయే తెలుపుచున్నది. మరణించిన వారిని గూర్చి పత్రికలలో చదువుచున్నాము. బ్రతికి బయటపడిన వారి సంగతి యేమి? వారు ఆసుపత్రి గడప దాటి యింటికి వచ్చిన పిమ్మట ఏమి జరుగును? ఈ ప్రశ్నకు సమాధానము మన విద్యార్థులలో పెక్కుమందికి తెలియదు. పెద్దలలో కూడ కొలదిమందికే తెలియును. అందుచేత ఈ సంవత్సరపు సంచికలో దీనిని ఒక పాఠముగ మీ ముందుంచుచున్నాము.

ఒక ఉదాహరణము

విషయము సులభముగ బోధపడుటకై ఒక ఉదాహరణమును కల్పించుకొందము. డెంకణికోట ప్రాంతమున ఒక పల్లెలో పదియేండ్ల బాలిక యున్నదనుకొనుడు. ఆమె యింట మాట తెలుగు. బడిలో చదువు తమిళము. పెద్ద జబ్బు చేసినచో హోసూరు మీదుగ బెంగుళూరు పోవుదురు గావున ఆసుపత్రిలో వినబడునది కన్నడము. ఒకనాటి యుదయమున తల్లి గంజి వార్చుచుండగా గిన్నె జారి, పొగలు గ్రక్కు గంజి ఆ పిల్ల కుడిచేతిమీద ఒలికినది. చంకనుండి మోచేతి మడత వరకు కాలినది. గంజి నీటివలె జారిపోదు. చర్మమునకు అంటుకొని వేడిని విడువక యుండును. అందుచేత గాయము లోతుగ దిగినది.

పొరుగింటివారు తెలివిగలవారు. వెంటనే గాజులు తీసివేసి, చల్లని నీటిధార క్రింద ఆ చేతిని 20 నిమిషములు ఉంచిరి. మంచుగడ్డ పెట్టలేదు, సిరా, పసుపు, వెన్న, పండ్ల పేస్టు మున్నగునవి పూయలేదు. శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసికొనిపోయిరి. ఇదియే సరియైన ప్రథమ చికిత్స. కాలిన మూడు గంటలలోపుగ చేసినను ఈ నీటిధార మేలు చేయునని వైద్యులు చెప్పుచున్నారు.

ఆసుపత్రిలో లోతైన భాగమునకు తొడనుండి పలుచని చర్మము తీసి అతికిరి. కొన్ని వారములకు పుండు మూసికొన్నది, కట్టు విప్పిరి. తల్లి దేవునికి కొబ్బరికాయ కొట్టి పిల్లను ఇంటికి తెచ్చుకొన్నది. గండము గడచినదని అందరును సంతోషించిరి.

రెండు నెలలైనది. ఇంతకు మునుపు తన జడ తానే వేసికొనుచుండిన పిల్లకు ఇప్పుడు తల్లి వేయవలసి వచ్చుచున్నది. కుడిచేయి తలవరకు లేచుట లేదు. మోచేయి పూర్తిగ చాచుటకు వీలుపడుట లేదు. బడిలో నల్లబల్లమీద పైవరుస అందుట లేదు. గాయము మానినది, చేయి మాత్రము నానాటికి ముడుచుకొనుచున్నది. ఇది ఎట్లు జరిగినది?

మచ్చ యొక్క స్వభావము

మన శరీరమందలి అవయవములలో చర్మము మిక్కిలి పెద్దది. దానికి పైపొర యొకటి, దాని క్రింద దళసరి లోపొర యొకటి కలవు. పైపొర మాత్రమే కాలినచో చర్మము ఎఱ్ఱబారి, మండి, కొలదిదినములలో మచ్చ లేకయే మానును. లోపొర లోతుగ కాలినపుడు మానుటకు కాలము పట్టును. మూడు వారములకు మించి మానని గాయమునకు దళసరి మచ్చ ఏర్పడు అవకాశము హెచ్చు.

ఈ మచ్చ యనునది చచ్చిన పదార్థమని పలువురు తలంతురు. అది పొరపాటు. మానుచున్న గాయమునందు కండరమువలె ముడుచుకొను శక్తిగల కణములు కొన్ని పుట్టును. అవి గాయపు అంచులను దగ్గరకు లాగుచుండును. గాయమును త్వరగ మూయవలెనని ప్రకృతి చేసిన యేర్పాటు ఇది. దీనితోబాటు కొల్లాజెను అను నారపదార్థము విస్తారముగ పేరుకొనును. ఆరోగ్యవంతమైన చర్మములో ఈ నార సాగుటకు వీలుగ అల్లుకొని యుండగా, మచ్చలో అది చిక్కుపడి గట్టిపడి యుండును. పైకి పుండు మూసికొన్నను లోపల ఈ లాగుడు ఆగదు. తడితోలు ఎండలో ఆరుచు కుంచించుకొనిపోవుటను మీరు చూచియుందురు. మచ్చయు అట్లే కుంచించుకొనును. అయితే తోలు ఒకదినములో ఆరును. మచ్చ పక్వమగుటకు ఒక సంవత్సరము మొదలు రెండు సంవత్సరముల వరకు పట్టును. ఆ కాలమంతయు అది ఎఱ్ఱగ, ఉబ్బి, దురద పెట్టుచు, లాగుచు ఉండును.

ఈ లాగుడు కీలుమీద పడినచో కీలు బిగిసిపోవును. దీనిని వైద్యులు కాంట్రాక్చరు అందురు. మెడ కాలినవారి గడ్డము రొమ్మువైపు లాగబడును. చంక కాలినవారి చేయి ప్రక్కకు అంటుకొనును. వ్రేళ్ళు కాలినవారి చేయి పిడికిలి పట్టుటకును చాచుటకును పనికిరాక పోవును. పిల్లల విషయమున మరియొక చిక్కు కలదు. ఎముక పెరుగునంత వేగముగ మచ్చ పెరుగదు. కావున బిడ్డ ఎదిగినకొలది బిగింపు మరల తలయెత్తవచ్చును. ఎదుగుదల ముగియువరకు పిల్లలను కనిపెట్టి యుండవలెనని చెప్పుటకు కారణము ఇదియే.

సుఖమే శత్రువగుట

కాలినవారు సహజముగ నొప్పి తక్కువగ నుండు భంగిమను కోరుదురు. చేతిని ముడిచి రొమ్మునకు చేర్చుకొందురు. మోకాలు వంచి పండుకొందురు. మెడ క్రింద మెత్తని తలగడ పెట్టుకొందురు. సుఖమునిచ్చు ఈ భంగిమయే కీలు బిగిసిపోవు భంగిమ. మన ఉదాహరణములోని తల్లి దయతోనే పొరపాటు చేసినది. బిడ్డ నొప్పియని యేడ్చినపుడెల్ల “పోనీలే తల్లీ, కదపకు” అన్నది. ఆ మాటలో ప్రేమ గలదు. ఆ ప్రేమవలననే చేయి ముడుచుకొన్నది.

దీనికి విరుగుడు నాలుగు విధములు. మొదటిది భంగిమ. చంక కాలినవారి చేతిని శరీరమునుండి ప్రక్కకు లంబకోణముగ చాచి దిండుపై నుంచవలెను. మోచేయి కాలినచో చక్కగ చాచి యుంచవలెను. మెడ కాలినచో తలగడ తీసివేయవలెను. రాత్రి నిద్రలో భంగిమ చెడకుండ స్ప్లింటు అను బద్దను కట్టుదురు. రెండవది వ్యాయామము. మచ్చను మెల్లగ సాగదీసి, అది పాలిపోయి బిగువుగ తోచునంతవరకు తెచ్చి, కొంతసేపు నిలిపి విడువవలెను. దీనిని దినమునకు పలుమారులు చేయవలెను. మూడవది ఒత్తిడి. కొలతకు కుట్టిన బిగువు తొడుగును దినమునకు సుమారు 23 గంటలు ధరింపవలెను. స్నానమునకును మర్దనమునకును మాత్రము విప్పవచ్చును. రెండు మూడు నెలలకు దాని సాగుడు సడలిపోవును గనుక క్రొత్తది కుట్టింపవలెను. నాలుగవది మర్దనము. చర్మము పూర్తిగ మూసికొనిన పిమ్మట కొబ్బరినూనె వంటి మెత్తబరచు పదార్థము రాచి, మచ్చను నిదానముగ ఒత్తి రుద్దవలెను. ఎండ తగులకుండ గుడ్డతో కప్పుకొనవలెను. చర్మము అతికిన మొదటి దినములలో మాత్రము ఆ భాగమును కదలింపరాదు. ఎప్పుడు మొదలిడవలెనో వైద్యుడే చెప్పవలెను.

ఈ నాలుగింటిలో ఒక్కటియు దుర్లభమైనది కాదు. కాని ఒక్కటియు ఒకనాటితో ముగియునది కాదు. శస్త్రచికిత్స గంటలలో ముగియును. గాయము వారములలో మానును. ఈ పని మాత్రము మాసములు, సంవత్సరములు సాగవలెను. మన వేసవిలో ఒంటికి అంటుకొని యుండు తొడుగును దినమంతయు ధరించుట సులభమా? చెమట పట్టును, దురద పుట్టును, పిల్ల విప్పి పారవేయును. చూచువారు లేనిచో వ్యాయామము మొదటి వారమున అయిదుమార్లు జరిగినది మూడవ వారమున రెండుమార్లగును. అటుపై పండుగనాడు ఆగి, మరల మొదలు కాదు. కాలిన గాయములలో చేయి పోవుట పలుమారు ఈ విధముగనే జరుగును. అగ్ని ప్రారంభించినదానిని అశ్రద్ధ ముగించును.

దూరమునుండి చూచు కన్ను

కాలిన గాయములకు ప్రత్యేక విభాగములు పెద్ద పట్టణములలోనే యున్నవి. చెన్నైలోని కీల్పాక్ వైద్యకళాశాల ఆసుపత్రియందును, బెంగుళూరులోని విక్టోరియా ఆసుపత్రియందును అట్టి విభాగములు కలవు. పల్లెనుండి వారమువారము అక్కడికి పోవలెనన్న తల్లికి కూలి పోవును, పిల్లకు బడి పోవును, బస్సు ఖర్చు మీదపడును. ఇంతచేసి అక్కడ గడుపునది కొలది నిమిషములే. ఈ చిక్కును తీర్చుటకు పుట్టినదే దూర పునరావాస చికిత్స. దీనిని ఇంగ్లీషున టెలీ రిహాబిలిటేషన్ అందురు. ఇల్లు కోల్పోయినవారికి ఇల్లు చూపుటను పునరావాసమందుము. ఇక్కడ మనిషిని అతని పూర్వపు పనిపాటలకును, బడికిని, నలుగురి నడుమకును మరల చేర్చుట ఆ మాటకు అర్థము.

దూరవైద్యము మన దేశమునకు క్రొత్త కాదు. చిత్తూరు జిల్లాలోని అరగొండ గ్రామమునందు అపోలో సంస్థవారు ఉపగ్రహ సంబంధముతో నెలకొల్పిన దూరవైద్య కేంద్రమును 2000 సంవత్సరము మార్చి 24వ తేదీన, నాటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైదరాబాదు వచ్చినపుడు ప్రారంభించెను. మన అంతరిక్ష పరిశోధన సంస్థ 2001లో దూరవైద్య ప్రయోగములకు పూనుకొన్నది. 2020 మార్చి 25వ తేదీన దూరవైద్యమునకు నియమావళి ప్రకటింపబడినది. వైద్యుడు వీడియో ద్వారాగాని, ఫోనుమాట ద్వారాగాని, వ్రాత ద్వారాగాని ఏయే సందర్భములలో సలహా ఇయ్యవచ్చునో అందు నిర్ణయింపబడినది. ప్రభుత్వమువారి ఇ-సంజీవని యను ఉచిత సేవ 2019లో మొదలై, 2020లో ఇంటినుండియే వైద్యుని సంప్రదించు వీలును కల్పించినది.

కాలిన గాయముల విషయమున ఈ పద్ధతి పనికివచ్చునా యను సందేహము కలుగవచ్చును. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు రాష్ట్రము విశాలమైనది. జనము దూరదూరముగ నివసించుచున్నారు. అక్కడ బ్రిస్బేన్ నగరపు పిల్లల ఆసుపత్రివారు, కాలిన గాయములు మానిన పిల్లలను వీడియో ద్వారా చూచుటకు పూనుకొనిరి. వీడియోలో చూచి చెప్పిన నిర్ణయములను, ఎదుట కూర్చుండబెట్టి చూచిన నిర్ణయములతో పోల్చి 2004లో ఒక పరిశీలనను ప్రకటించిరి. రెండును చాలవరకు ఏకీభవించినవి. కావున దూరమునుండి చూచిన కన్ను, జాగ్రత్తగ చూచినచో, నమ్మదగినదే.

సాధనములు మూడు తెగలు

ఈ చికిత్సలో వాడు సాధనములను మూడు తెగలుగ విభజింపవచ్చును.

మొదటి తెగ ఎదురెదురు మాట. నిర్ణయించిన వేళకు తల్లియు బిడ్డయు సెల్‌ఫోను ముందు కూర్చుందురు. ఆవల ఫిజియోథెరపిస్టు, అనగా వ్యాయామ చికిత్స చేయు నిపుణురాలు, వారిని చూచుచు వ్యాయామము చేయించును. భుజము ఎత్తుటకు బదులు నడుము వంచి మోసము చేయుచున్న పిల్లను అక్కడికక్కడే దిద్దును. తొడుగు సడలినదా, బద్ద ఒరయుచున్నదా అని విచారించును.

రెండవ తెగ పంపి యుంచుట. వారమునకొకసారి మచ్చ ఫోటోను, వ్యాయామపు చిన్న వీడియోను పంపుదురు. నిపుణురాలు తన తీరికవేళ చూచి జవాబు పంపును. ఇంటర్నెట్ సన్నగిల్లు పల్లెలకు ఈ పద్ధతి యనుకూలము. ఎదురెదురు మాట తెగిపోవు చోటగూడ ఒక ఫోటో మెల్లగనైన పోయి చేరును.

మూడవ తెగ కొలుచు యంత్రములును ఆటలును. శరీరమునకు కట్టిన చిన్న సెన్సరులు కీలు ఎంత వంగినది, ఎన్నిమార్లు కదలినది లెక్కించును. కెమెరాముందు చేయి ఆడించినచో తెరపైని బొమ్మ కదలునట్టి ఆటలను కొన్ని దేశములలో చికిత్సకు వాడుచున్నారు. పిల్ల బంతిని పట్టుకొనవలెనని చేయి ఎత్తును. తెలియకయే వ్యాయామము జరిగిపోవును.

ఈ సందర్భమున ఒక వింతను చెప్పవలసియున్నది. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ పాటర్సన్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు కాలినవారి నొప్పిని గూర్చి పరిశోధించిరి. సియాటిల్ నగరమున కాలిన గాయముల ఆసుపత్రిలో రోగుల కండ్లకు ఒక సాధనము తగిలించి, మంచుకొండల లోయలో విహరించుచు మంచుముద్దలు విసరు ఆటను చూపిరి. దానికి స్నోవరల్డ్, అనగా మంచులోకము, అని పేరు. కట్లు మార్చునపుడును కీళ్ళు సాగదీయునపుడును ఈ ఆటలో మునిగిన రోగులు నొప్పి తగ్గినదని చెప్పిరి. మనసునకు గల అవధానము పరిమితమైనది. అది మంచులోయలో చిక్కుకొన్నపుడు నొప్పికి మిగులునది తక్కువ. కథ చెప్పుచు పిల్లకు ముల్లు తీయు మన అమ్మమ్మలకు ఈ రహస్యము తెలియనిది కాదు. శాస్త్రము దానిని పరీక్షించి నిలువబెట్టినది.

గోడమీది గీతలు

యంత్రములు లేనివారు ఏమి చేయవలెను? ఇక్కడ మన విద్యార్థుల గణితమే పనికివచ్చును. నిపుణులు కీలు వంపును గోనియోమీటరు అను సాధనముతో డిగ్రీలలో కొలుతురు. అది రెండు చేతులు తగిలించిన మీ కోణమానినియే. బిడ్డ చేయి ఎంత లేచునో ఫోటో తీసి, దానిపై నడుమునుండి భుజమునకు ఒక గీత, భుజమునుండి మోచేతికి ఒక గీత గీచినచో కోణము తెలియును. అయితే ఫోటో సూటిగ తీయవలెను. ప్రక్కకు ఒరగి తీసినచో కోణము మారి కనబడును. ఎల్లప్పుడు ఒకే చోట, ఒకే దూరమునుండి, పగటి వెలుతురులో తీయవలెను. దీపపు వెలుగులో మచ్చ రంగు మారి తోచును.

ఇంతకంటె సులువైన ఉపాయము గోడ. బిడ్డను గోడకు ప్రక్కగ నిలువబెట్టి, వ్రేళ్ళతో గోడ ఎక్కుమని చెప్పవలెను. వ్రేళ్ళు ఎంతవరకు పోయినవో అక్కడ సుద్దతో గీత గీచి తేదీ వేయవలెను. మరుదినము ఆ గీతను దాటవలెనని పంతము పట్టింపవలెను. వారమునకొకసారి ఆ గోడ ఫోటోను నిపుణురాలికి పంపినచో, ఆమె ఒక్క చూపులో సంగతి గ్రహించును. గీతలు పైకి పోవుచున్నచో మేలు. ఒకేచోట నిలిచినచో ప్రయత్నము చాలదు. క్రిందికి దిగుచున్నచో వెంటనే పిలిపింపవలెను. ఒక కీలు బిగిసిపోవుచున్నదని ఆరునెలలకు తెలిసినచో శస్త్రచికిత్స తప్పకపోవచ్చును. వారములో తెలిసినచో పలుమారు బద్ద మార్చి, వ్యాయామము హెచ్చించి సరిచేయవచ్చును. దూర పునరావాస చికిత్స యొక్క ముఖ్య ప్రయోజనము ఇదియేయని మేము తలచుచున్నాము. అది చేయి పట్టి సాగదీయలేదు. కాని సాగదీయుచున్న తల్లిచేతిని అలసిపోనీయదు, దారి తప్పనీయదు.

మాటల దూరము

మైళ్ళ దూరము ఒకటి. మాటల దూరము మరియొకటి. పరరాష్ట్రములలో నివసించు మనకు ఈ రెండవది అనుభవములోనిదే. తెలుగు తల్లికి నొప్పిని చెప్పుటకు ఎన్ని మాటలున్నవో చూడుడు. మంట వేరు, సలుపు వేరు, పోటు వేరు, దురద వేరు, తిమ్మిరి వేరు, లాగుడు వేరు. వైద్యమున ఈ భేదములు విలువైనవి. దురదయు లాగుడును మానుచున్న మచ్చకు సహజములు. సలుపుతో కూడిన వేడియు వాపును చీముపట్టుటకు గుర్తులు కావచ్చును. తిమ్మిరి నరమునకు సంబంధించినది కావచ్చును. వచ్చీరాని పరభాషలో ఆ తల్లి వీటినన్నిటిని “నొప్పి” యను ఒక్క మాటలో చెప్పివేసినచో నిపుణురాలికి ఏమి తెలియును? అటులే “బిగువు వచ్చువరకు సాగదీయుడు, పుండు రేగునంతవరకు కాదు” అను సూక్ష్మమైన సూచన తల్లికి సగమే బోధపడినచో, ఆమె భయపడి మానివేయును, లేక మోటుగ లాగును.

ఎదుటికి పోవునపుడు దగ్గరనున్న ఆసుపత్రి భాషయే గతి. దూరమునుండి జరుగు చికిత్సలో ఈ నిర్బంధము కొంత సడలును. తెలుగు తెలిసిన నిపుణురాలు వేరొక యూరనున్నను తెరమీదికి రావచ్చును. లేదా తెలుగు తెలిసిన యొక బంధువు మూడవవాడుగ ఆ మాటలలో చేరవచ్చును. అదియు లేనిచోట మన విద్యార్థులే దుబాసులు కావలెను. ఇంట తెలుగును, బడిలో తమిళమో కన్నడమో ఒడియాయో మరాఠీయో నేర్చిన బాలబాలికలకంటె ఈ పనికి తగినవారెవరు? రెండు భాషలు నేర్చుట భారమని విసుగుకొను విద్యార్థి, ఒక తల్లి చెప్పిన సలుపును సలుపుగనే వైద్యునికి చేర్చిన దినమున తన చదువు విలువను తెలిసికొనును.

తెరకు సాధ్యము కానివి

ఏ సాధనమునకైన హద్దులుండును, వానిని దాచరాదు. మచ్చను పరీక్షించునపుడు నిపుణులు దాని రంగును, ఎత్తును, రక్తప్రసారమును, మెత్తదనమును చూతురు. రంగును తెరపై కొంతవరకు చూడవచ్చును. మెత్తదనమును వ్రేలితో తాకినగాని తెలిసికొనరాదు. క్రొత్త బద్దను మలచుటకును, తొడుగునకు కొలత తీయుటకును, అతికిన చర్మమును పరీక్షించుటకును బిడ్డ నిపుణుని చేతికి అందవలెను. జ్వరము వచ్చినను, పుండు తిరిగి రేగినను, చీము కారినను, దుర్వాసన పుట్టినను, మచ్చ చీలినను, కదలిక హఠాత్తుగ తగ్గినను ఫోను పెట్టి ఆసుపత్రికి పోవలసినదే. మొదట ఆసుపత్రిలో చూచి, నడుమ దూరమునుండి కనిపెట్టి, అవసరమైనపుడు మరల రప్పించుకొనుట ఉత్తమ పద్ధతి.

మరి రెండు హెచ్చరికలు. ఫోనులో కనబడు ప్రతి వ్యాయామపు వీడియోయు చికిత్స కాదు. ఒకరి మెడకు హితమైనది మరియొకరి చేతికి అహితము కావచ్చును. ఆ బిడ్డ గాయమును ఎరిగిన నిపుణులు చెప్పినదే చేయవలెను. రెండవది, బిడ్డ శరీరపు ఫోటో ఆ బిడ్డ సొత్తు. అది వైద్యునికి తప్ప ఇతరులకు పోరాదు. జాలితోనైనను బంధువుల గుంపులకు పంపుట తగదు.

మన కర్తవ్యము

ఇప్పుడు మరల ఆ పల్లెటూరి పిల్లవద్దకు పోదము. ఆమె చేయి ఇంకను పూర్తిగ బిగిసిపోలేదు. రెండు నెలలే యైనది గావున మచ్చ లేతగ నున్నది, లేతమచ్చ సాగును. ఆసుపత్రివారు క్రొత్త బద్ద మలచి యిచ్చి, వారమునకు రెండుమార్లు వీడియోలో చూతుమన్నారనుకొనుడు. ఫోను పట్టుకొనుటకు ఒకరు కావలెను. సాగదీసి నిలిపిన చేతిని విడువకుండ ముప్పదివరకు లెక్కపెట్టుటకు ఒకరు కావలెను. గోడమీద గీత గీచి తేదీ వ్రాయుటకు ఒకరు కావలెను. తల్లికి రెండు చేతులే యున్నవి. అన్నయో, అక్కయో, ప్రక్కయింటి విద్యార్థియో ఆ మూడవ చేయి కావలెను.

బిగువు తొడుగుతో ఆమె బడికి వచ్చినపుడు మీరు చేయవలసినది మరియొకటి గలదు. గ్రుడ్లప్పగించి చూడకుడు; ముఖము త్రిప్పుకొనకుడు. అది అంటురోగము కాదు. ఒకసారి తెలిసికొనగోరినచో మర్యాదగ అడిగి, ఆమె చెప్పినది విని, తరువాత ఆటకు పిలువుడు. తోటిపిల్లలు నవ్వుదురను భయముతో తొడుగు విప్పివేసిన బిడ్డ చేతిని ఏ యంత్రమును నిలువబెట్టలేదు. తరగతిలో మీరు చూపు ఆదరము ఆమె చికిత్సలో ఒక భాగము.

ఉపగ్రహములును, తెరలును, సెన్సరులును మానవుని బుద్ధికి నిదర్శనములు. అవి ఎంత దూరమునైన దాటును గాని, చివరి జానెడు దూరమును దాటలేవు. ఆ జానెడును తల్లిచేయి, తోబుట్టువుచేయి, స్నేహితునిచేయి దాటవలెను. అట్టి చేయి ఒకటి దినదినము తప్పక అందినచో, ఒకనాటి ఉదయమున ఆ బాలిక అద్దము ముందు నిలిచి తన జడ తానే వేసికొనును. మన పాఠశాల విద్యార్థులలో ఒక్కరైనను అట్టి యుదయమునకు సాయపడినచో ఈ పాఠము సార్థకమైనదని మేము సంతసింతుము.